హైదరాలీ తుపాకికి మా మామ కట్టిన వెల

చిత్తూరు జిల్లాలో అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడు పొలం, మామిడితోట, బోరు, ఆవులు అన్నీ ఎట్లో ఒకట్ల తెములుతాయి. తెమలనిది అటక మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన తుపాకి ఒక్కటే. తోటకు మార్కెట్ రేటుంది, తుపాకికి చరిత్ర ఉంది, చరిత్రకు రేటు కట్టాలంటే పెద్దమనుషులు కూర్చోవాలి, పెద్దమనుషులంటే అందరికన్నా గట్టిగా మాట్లాడేవాళ్ళని వేరే చెప్పనక్కర్లేదు. ఈ విద్యలో మా మేనమామను మించినవాడు పలమనేరు నుంచి తిరుపతి దాకా లేడు. ఆయన పద్ధతిని ఇంతవరకూ ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి, ప్రజాప్రయోజనం కోరి ఆ పనికి నేను పూనుకుంటున్నా.

వెల ముందు, వస్తువు తర్వాత. ఇదీ మూలసూత్రం. తుపాకి అటక దిగకముందే దాని ధర దిగింది. 2019లో ఇంగ్లండులో బర్క్‌షైర్ వైపు ఒక ఇంటి అటక మీద టిప్పు సుల్తాన్ కాలం తుపాకి బయటపడితే వేలంలో 60 వేల పౌండ్లు పలికింది. 2023లో టిప్పు కత్తి లండన్ వేలంలో 1.4 కోట్ల పౌండ్లకు పోయింది. రెండూ నిజమే, రెండు వార్తలూ మామ ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి. కొడుకుదే అంత పలికితే నాయనది ఇంకెంత పలకాల అనేది ఆయన లెక్క. ఇంతకీ అటక అటకే కదా, బర్క్‌షైర్‌లో ఉంటే ఒక రేటు, మన పక్క ఉంటే ఒక రేటా?

నాయన అంటే హైదరాలీ. 1782 డిసెంబరులో ఆయన చనిపోయింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో, యుద్ధం మధ్యలో, దండు విడిదిలో ఉండగా. ఇంతవరకూ చరిత్ర. ఇక్కడినుంచి మామ. అంత పెద్ద దండు కదిలేటప్పుడు ఒక తుపాకి జారిపడదా, పడితే మన పెద్దోళ్ళు తీసి దాచిపెట్టరా? మా జిల్లాలో ఎవరింట్లో పాత తుపాకి ఉన్నా అయితే హైదరాలీది, కాకుంటే పాలెగాడిది. కంసలి కొట్టించుకున్న నాటు తుపాకితో మా తాత అడవిపందుల్ని అదిలించేవాడని చెప్పుకున్న కుటుంబం ఒక్కటి కూడా నాకు తగల్లేదు. అందరి మాటా నమ్మి లెక్కేస్తే, ఆ దండు తుపాకులన్నీ మన ఊళ్ళలో పారేసుకున్నాక ఇంగ్లీషోళ్ళతో దేంతో కొట్లాడిందో అర్థం కాదు.

సరే, వస్తువు దిగింది. గోనె విప్పగానే మా బావ గొట్టం మూతికి కన్ను పెట్టి చూసి ‘లోపల ఏం లేదు’ అన్నాడు. ఉండి ఉంటే చెప్పడానికి ఆయన ఉండేవాడు కాదు. మూతిలోంచి మందు దట్టించే పాత తుపాకులతో ఇదే టెన్షన్, తాతల కాలంలో దట్టించిన మందు అట్లనే ఉండిపోయి ఇప్పుడు కూడా అంటుకోవచ్చు. ఒక సన్నటి కట్టెపుల్ల మూతిలోంచి ఆనేదాకా జారవిడిచి, మూతి దగ్గర గుర్తు పెట్టుకొని, బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి చూస్తే, పుల్ల అడుగుదాకా పోకుండా మధ్యలో ఆగిందంటే అక్కడ ఏదో కూర్చొని ఉన్నట్టు లెక్క, ఇక చెయ్యి పెట్టకూడదు. ఇది చెబితే నన్ను పిరికోడన్నారు. అదృష్టం కొద్దీ మాది ఆ రకం కాదు, వెనక బోల్టు లాగితే తెరుచుకునే రకం, తూటా కూర్చునే గది ఖాళీగా ఉంది. హైదరాలీ కాలంలో తుపాకులకు ఈ బోల్టు ఎక్కడిది అని అడుగుదామనుకున్నా గానీ, అప్పుడే కాఫీలు వచ్చాయి.

ఏటా ఆయుధపూజకు పసుపూ కుంకుమా పెట్టీ పెట్టీ ఇనుము మీద పొర పేరుకుపోయింది. అత్త చింతపండు నానబెట్టి తెచ్చింది, చిన్నమామ ఉప్పుకాగితం తెచ్చాడు. తళతళలాడితే రేటు పెరుగుతుందని వీళ్ళ నమ్మకం. పాత ఆయుధాలు కొనేవాళ్ళు ముందు వెతికేది వయసుతో వచ్చిన ఆ నల్లటి పొరనూ, అరగని ముద్రలనూ. ఉప్పుకాగితం పట్టినవాడు తుప్పుతోపాటు విలువను కూడా గీకి పారేస్తాడు. ఇద్దరి చేతుల్లోంచీ లాక్కొని, మెత్తటి గుడ్డకు రెండు చుక్కల నూనె రాసి, బోల్టు పిడి కింద చెక్క మొదలయ్యే చోట ఇనుప పట్టీని మెల్లగా తుడిచా. కుంకుమ ఊడివచ్చి మొదట ఒక కిరీటం, దాని కింద మూడు ఇంగ్లీషు అక్షరాలు, జి.ఆర్.ఐ., కనిపించాయి.

మామ కళ్ళకద్దుకున్నాడు. జి.ఆర్. అంటే గోవిందరాజులు, ఐ అంటే ఇలవేల్పు, పైన ఉన్నది స్వామి కిరీటం. హైదరాలీ తుపాకి మీద గోవిందరాజస్వామి ఎట్లొచ్చాడు మామా అంటే, ‘మతసామరస్యం రా’ అన్నాడు.

ఆ అక్షరాలు జార్జి రాజువి. జార్జి, రాజు, చక్రవర్తి అని లాటిన్‌లో పొట్టిగా కొట్టిన ముద్ర. దాని కింద ఇంకాస్త తుడిస్తే ఇషాపూర్ అనీ, 1942 అనీ బయటపడింది. బెంగాల్లో ఉన్న సర్కారు తుపాకుల ఫ్యాక్టరీ అది. పది తూటాలు పట్టే మ్యాగజైన్ ఉన్న త్రీనాట్‌త్రీ, పాత సినిమాల్లో పోలీసుల భుజాన వేలాడేదే. హైదరాలీ పోయిన 160 ఏళ్ళకు తయారైంది. ముద్రల్ని కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు, ఇప్పటి పాకిస్తాన్-ఆఫ్ఘన్ సరిహద్దు పక్క చేతిపనోళ్ళు కొట్టిన దొంగ ముద్రల తుపాకులు చాలా ఉన్నాయి. విక్టోరియా రాణి 1901లోనే పోతే, ఆమె ముద్ర కింద ఆ తర్వాతి సంవత్సరాలు వేసినవి కూడా వాటిల్లో కనిపిస్తాయి. అయినా ఇవన్నీ నాలాంటి చిల్లర మనుషులు చూసే విషయాలు. మిలిటరీ సరుకు మన అటక మీదికి ఎట్లొచ్చింది అనే ప్రశ్న మాత్రం ఆ గదిలో ఎవరి నోటా రాలేదు.

లైసెన్సు ఉందా అని అడిగా. మామ గోడ మీద తాత ఫోటో చూపించాడు.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది తెలుసుకుంటే మామ ప్రతిభ మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం పాతకాలపు తుపాకి, రిపేరు చేసినా పేలనిది అయితేనే లైసెన్సు బాధ తప్పుతుంది. మామేమో వచ్చినోడికల్లా ‘ఇప్పుటికీ పేలుతుంది సామీ’ అని గొప్పగా చెప్తాడు. లైసెన్సు లేకుండా పేలేదాన్ని ఇంట్లో పెట్టుకుంటే తక్కువలో తక్కువ రెండేళ్ళు జైలు. తాత పేరున కాగితాలుంటే వారసులు కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు, అయినా మనిషికి రెండు తుపాకులకు మించకూడదు. అదీ మామూలు బోరుకు, అంటే మామూలు గొట్టం సైజుకు. త్రీనాట్‌త్రీ మిలిటరీ బోరు, దానికి కేంద్ర హోంశాఖ దాకా పోవాలి. పోనీ హైదరాలీదే అనుకుందాం, వందేళ్ళు దాటిన పురావస్తువును మన సొంతానికి దేశం దాటించడానికి 1972 చట్టం ఒప్పుకోదు, లండన్ వేలం అక్కడితో ఆగిపోతుంది. 1942ది అంటారా, ఇంకా వందేళ్ళు నిండలేదు, పురావస్తువు కూడా కాదు. మామ మాత్రం ఈ తుపాకిని ఒకే వాక్యంలో 240 ఏళ్ళ నాటిదిగానూ, పేలేదిగానూ, లండన్‌లో అమ్ముడుపోయేదిగానూ నిలబెట్టగలడు. ఇంత పని ఏ మ్యూజియం క్యూరేటరు వల్లా కాదు.

చివరికి కుటుంబం మొత్తం కూర్చొని ఒక దారికి వచ్చింది. ఇట్లాంటిది ఇంట్లో తేలితే ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్లో అప్పజెప్పాలనేది కూడా చట్టంలో ఉన్నదే. మా వకీలు బావ దరఖాస్తు రాశాడు, స్టేషన్లో రైటర్‌కు ముందే ఫోన్ చేసి చెప్పాడు, అప్పజెప్పినట్టు రసీదు ఇస్తామన్నారు. దాంట్లో ‘పాత రైఫిల్ ఒకటి’ అని రాస్తారట. మామ సంతకం పెట్టనంటున్నాడు. ‘హైదరాలీ వారి తుపాకి, విలువ యాభై లక్షలు’ అని రసీదులో పడితే గానీ కదలడట. మిగతా అన్నదమ్ములు కూడా ఇప్పుడు ఆయన పక్కే చేరారు. వాళ్ళ అభ్యంతరం ఒక్కటే, యాభై తక్కువైందంట.