ఆరు నెలలు ముందే మొరుగుదాం

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని పెద్దలు కుక్కల్ని ఎగతాళి చేశారు గానీ, ఆ ఆరు నెలలూ అవి ఏం చేశాయో ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. కమిటీ వేసుకుని ఉంటాయి. అధ్యక్షుణ్ణి ఎన్నుకుని, వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, మొరగడానికి ఇంటికింత చందా అన్నది తేలక ఆగిపోయి ఉంటాయి. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. అమలాపురానికి కూతవేటు దూరంలో, కాలువ గట్టు పక్కనున్న మా వీధి భద్రతా కమిటీకి నేను సంయుక్త కార్యదర్శిని. ఆయ్.

మా కమిటీ పుట్టుకకు కారణం కార్తీకమాసం. పోయిన కార్తీకంలో వీధంతా కలిసి బస్సు మాట్లాడుకుని పంచారామాలకు వెళ్లాం. ఆదివారం రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి అమరావతి, అక్కణ్ణుంచి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. అయిదు గుళ్లూ ఒక్క రోజులో. వీధి చివరింటి మామ్మగారు "ఇళ్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదర్రా, నేను రాను" అని మొత్తుకున్నా వినకుండా, పుణ్యం వస్తుందని ఆవిణ్ణి కూడా ఎక్కించేశాం. ప్రతి గుడి దగ్గరా ధ్వజస్తంభం ముందు ఫొటో, వెంటనే స్టేటస్. 'అమరలింగేశ్వరుడి దర్శనం బాగా జరిగింది. టిఫిన్లు చేసి భీమవరం బయల్దేరుతున్నాం.' ఇంత వివరంగా ఆర్టీసీవాళ్లు కూడా టైమ్‌టేబుల్ ఇవ్వరు.

దొంగ ఎవరో గానీ తొందరపడలేదు. రెండు గ్యాస్ సిలిండర్లు, ఒక ఇన్వర్టర్ బ్యాటరీ, ఒక ఇత్తడి గంగాళం, మూడిళ్లలో ఉన్న కాస్త వెండి సామాను. ఒక్క తాళం పగలగొట్టలేదు. తులసికోట గూట్లో ఉన్న తాళంచెవి తీసుకుని, తలుపు తీసి, పని చూసుకుని, మళ్లీ తాళం వేసి, చెవిని ఎక్కడిదక్కడ పెట్టి వెళ్లాడు. పద్ధతైన మనిషి. ఇరవై ఏళ్లుగా మా అబ్బాయికి ఈ ఒక్క అలవాటు నేర్పలేకపోయాను.

మర్నాడు రామాలయంలో మొదటి సమావేశం. మూడు గంటలు జరిగింది. అందులో రెండున్నర గంటలు అధ్యక్షుడెవరు, పెసరట్టులోకి ఉప్మా ఉండాలా వద్దా అన్న అంశాలకు పోగా, మిగతా సమయంలో భద్రత గురించి లోతుగా చర్చించాం. మొదటి తీర్మానం: తాళంచెవులు ఇకమీదట తులసికోటలో పెట్టరాదు. మరెక్కడ పెట్టాలి? ఒకాయన మీటరు బాక్సు అన్నారు. ఇంకొకాయన చెప్పుల స్టాండు అన్నారు. ఒకావిడ ఎవరికీ తట్టనిది చెబుతానని, బాత్రూం కిటికీ మీద పాత సబ్బుపెట్టె అన్నారు. ఏ ఇంటి చెవి ఎక్కడుందో డోర్ నంబర్ల వారీగా నేనే టైపు చేసి, పారదర్శకత కోసం గ్రూపులో పెట్టాను.

గ్రూపులో 214 మంది ఉన్నారు. వీధిలో ఇళ్లు 46. మిగతావాళ్లెవరంటారా? హైదరాబాదులో ఉన్న పిల్లలు, వాళ్ల అత్తారివాళ్లు, పాలబ్బాయి, వాటర్ టిన్నుల అబ్బాయి, ప్లాట్లు అమ్మే ఒకాయన, ఇంకా ఎవరివో తెలియని రెండు నంబర్లు. ఆ రెండు నంబర్ల నుంచీ రోజూ పొద్దున్నే సూర్యోదయం బొమ్మతో శుభోదయం వస్తుంది. అంత మర్యాదస్తుల్ని ఎలా తీసేస్తాం?

ఆ సమావేశంలో ఒక కుర్రాడు లేచి, రాష్ట్ర పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక యాప్ తెచ్చారనీ, ఊరెళ్లే ముందు అందులో చెబితే వాళ్లే వచ్చి తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారనీ, ఎవరైనా లోపలికొస్తే కంట్రోల్ రూముకి తెలిసిపోతుందనీ, పైసా ఖర్చు లేదనీ చెప్పాడు. అధ్యక్షులవారు చిన్నగా నవ్వి కూర్చోమన్నారు. "పోలీసులకు చెబితే మనం ఊళ్లో లేమని నలుగురికీ తెలిసిపోదూ!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల వీడియో కూడా స్టేటస్‌లో పెట్టాం.

రెండో తీర్మానం కెమెరాలు. ఎవరి కెమెరా వారే పెట్టుకున్నారు. అధ్యక్షులవారు నాలుగు పెట్టారు. కెమెరా అంటే వీధిని చూస్తుందని మీరనుకుంటారు. మా దగ్గర కెమెరా పక్కింటిని చూస్తుంది. సరిహద్దు మీదున్న కొబ్బరిచెట్టును ఒకటి చూస్తుంది, కాయ రాలితే ఎవరి పెరట్లో పడిందో, ఎవరు ఏరుకున్నారో రికార్డు ఉండాలి. ఇంకొకటి ఎదురింటి వాడకనీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తుంది. సంక్రాంతి ముందు మళ్లీ ఒక సైకిలు పోతే అందరం కూర్చుని ఫుటేజీ వేశాం. గంటన్నర చూశాం. అద్దానికి అడ్డంగా గూడు కట్టిన సాలీడు ఒకటి స్పష్టంగా దొరికింది. మిగతాది కరెంటు పోయిన సమయం. వంద మందికి పైగా వచ్చిపోయే సంస్థలు 30 రోజుల ఫుటేజీ దాచిపెట్టాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. మా వీధి సంస్థ కాదు కాబట్టి మేం ఆరు రోజులకే తుడిచేస్తాం. కొబ్బరికాయ తగాదా అంతకుమించి సాగదు.

వీధి మొదట్లో మాత్రం పెద్ద బోర్డు పెట్టాం: 'ఈ వీధి సీసీ కెమెరాల నిఘాలో ఉంది.' అక్కడ కెమెరా లేదు, చందాలు బోర్డు వరకే సరిపోయాయి. తొంభైల్లో మా ఊళ్లో ప్రతి తలుపు మీదా సుద్దతోనో బొగ్గుతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుండేది. రాత్రిళ్లు తలుపు కొట్టే దెయ్యం అది చదువుకుని, సరేలే అని వెళ్లిపోయి, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకునేది. అక్షరాలు వచ్చిన దెయ్యం, పైగా చెప్పిన మాట వినే దెయ్యం. మా బోర్డు పనిచెయ్యాలన్నా అలాంటి దొంగే రావాలి.

కెమెరాలకు ముందు మా వీధికి అరుగులుండేవి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోతే అవి కిందికి కూరుకుపోయాయి. తరవాత ప్రహరీలొచ్చాయి, ప్రహరీలకు నిలువెత్తు రేకు గేట్లొచ్చాయి. ఇప్పుడు మిగిలింది మామ్మగారి అరుగొక్కటే. ఆవిడ పొద్దున్న ఆరింటికి కూర్చుంటే మధ్యాహ్నం కునుకు తప్ప లేవరు. కొత్త మనిషి కనబడితే మూడే ప్రశ్నలు. "ఎవరింటికి బాబూ? ఏ ఊరు? ఎవరి తాలూకా?" రెండో ప్రశ్నకు మీరు రాజోలని చెబితే రాజోల్లో తనకు తెలిసినవాళ్ల చిట్టా విప్పుతారు. మూడో ప్రశ్న దాటేలోగా ఎంతటి ఆరితేరిన దొంగైనా ఎవరో ఒకరికి మేనల్లుడు అయిపోవాల్సిందే. ఆపైన మజ్జిగ తాగి వెళ్లాలి. మజ్జిగ తాగిన వీధిలో దొంగతనం ఎవడు చేస్తాడు చెప్పండి?

మూడో తీర్మానం రాత్రి గస్తీ. ఈలలు, కర్రలు, టార్చిలైట్లు, పన్నెండింటికి మిరపకాయ బజ్జీలు. సంక్రాంతి మూడు రోజులూ సెలవు. ఊరంతా కోడిపందేల బరి దగ్గరే ఉంటుంది, దొంగకైనా పండగ పండగే కదా. మొదటి రాత్రి పన్నెండున్నరకి ఒక మనిషి దొరికాడు. లుంగీ, చేతిలో టార్చి, భుజాన సంచి, నోట్లో ఒడియా. మా ఉత్సాహం చూడాలి! ఆధార్ అడిగాం, సంచి దులిపించాం. రొయ్యల మేత, ఒక అన్నం డబ్బా. గట్టవతల చెరువుల మీద కాపలా అట. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆ వేళకు కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేసి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలి, లేదంటే పొద్దున్నకి రొయ్యలన్నీ తేలిపోతాయి. అందుకని రోజూ రాత్రంతా మేలుకునే ఉంటాడట. ఊరు మొత్తానికి రాత్రి మెలకువగా ఉండే ఒకే ఒక్క మనిషిని పట్టుకున్నామన్నమాట. కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన, అయినా స్తంభానికి కట్టేసి రెండు తగిలిద్దామన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం నా పదవి పక్కన పెడతాను. 2018లో పార్థీ గ్యాంగనే దొంగల ముఠా వచ్చింది, పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు వచ్చారు అంటూ ఫోన్లలో తిరిగిన అబద్ధాలకు దేశంలో చాలాచోట్ల దారిన పోయేవాళ్లు దెబ్బలకు చచ్చిపోయారు. ఒకసారి అయిదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ మన దేశంలో పరిమితి పెట్టింది అప్పుడే. చట్టం కూడా, కళ్లెదుట పెద్ద నేరం చేసినవాణ్ణి మామూలు మనిషి పట్టుకోవచ్చంటుంది గానీ, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలంటుంది. కట్టేసి కొట్టమని ఏ సెక్షన్లోనూ లేదు. ఆ రాత్రి నేను ఇదంతా చెప్పలేదు. బజ్జీలు చల్లారిపోతున్నాయన్నాను. అతణ్ణి వదిలేశారు. మళ్లీ పదవిలోకి వస్తున్నాను.

ఇక అధ్యక్షులవారి సంగతి. ముప్పై ఏళ్లు సంతకాలు పెట్టి రిటైరైన అధికారి. ఒక బుధవారం ఉదయం గ్రూపులో 'వీధిలో దుప్పట్లు అమ్మేవాడు అనుమానాస్పదంగా ఉన్నాడు, అందరూ గేట్లు వేసుకోండి' అని పెట్టారు. పెట్టి, గేటు వేసుకుని, లోపల కూర్చోగానే వీడియో కాల్. ఖాకీ చొక్కా, వెనకాల జెండా, గోడ మీద గాంధీగారు. మీ పేరు మీద పంపిన పార్సిల్లో మత్తుమందు దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటకూడదు అన్నారు. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే మన్ కీ బాత్‌లో చెప్పారు. ఆ వీడియోను మా గ్రూపులో పెట్టింది అధ్యక్షులవారే. కింద పదకొండు దణ్ణాలు కూడా పడ్డాయి. అయినా సొంత ఇంట్లో, సొంత మంచం మీద, భార్య కాఫీ తెస్తే 'ష్' అని చేత్తో సైగ చేస్తూ, రెండు గంటలు అరెస్టయి ఉన్నారు. నాలుగు కెమెరాలు గోడల్ని కాపలా కాస్తుంటే దొంగ అయిదో కెమెరాలోంచి, ఆయన చేతిలో ఉన్నదాంట్లోంచి వచ్చాడు.

తరవాత కాల్ కట్ చేయకుండా ఫోను జేబులో పెట్టుకుని, పాస్‌బుక్కూ డిపాజిట్ కాగితాలూ తీసుకుని బ్యాంకుకు బయల్దేరారు. ఈసారి సాలీడు లేదు, కరెంటు ఉంది. గేటు తీయడం, చెమట తుడుచుకోవడం, స్కూటర్ మూడుసార్లు కొడితే గానీ స్టార్ట్ కాకపోవడం, అన్నీ స్పష్టంగా వచ్చాయి. మా వీధి కెమెరాలు పట్టుకున్న మొట్టమొదటి దొంగతనం అదే.

అరుగు మీదినుంచి మామ్మగారు అడిగారట, "ఏం బాబూ, మొహం అలా ఉందేంటి? ఎక్కడికి?" అని. ఆయన పలక్కుండా వెళ్లిపోయారు. ఆవిడ కర్ర పొడుచుకుంటూ లేచి వెళ్లి వాళ్లావిడతో, "మీ ఆయన నాకు జవాబు చెప్పకుండా వెళ్లాడమ్మా, ఎప్పుడూ లేదు. ఏదో జరుగుతోంది, కనుక్కో" అన్నారు. అధ్యక్షులవారి భార్య తన అల్లుడికి ఫోన్ చేయడం, అతను సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కొట్టడం అరగంటలో అయిపోయాయి. ఆ నంబరుకి ఎంత తొందరగా చెబితే డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దూకకుండా అంత ఆపగలుగుతారు. రెండో విడత ఆగింది. మొదటి విడత అప్పటికే మా కాలువ నీళ్లలా ఏ లాకులు దాటి ఎటు పోయిందో.

నిన్న అత్యవసర సమావేశం పెట్టాం. మామ్మగారికి సన్మానం చేయాలని, వీధి భద్రతా సలహాదారుగా నియమించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. మినిట్స్ పుస్తకంలో రాద్దామని పాత పేజీలు తిప్పితే నాలుగో తీర్మానం కనబడింది. ఆవిడ అరుగు డ్రైను మీదికి వచ్చిందనీ, అధ్యక్షులవారి కారు తిరగడానికి అడ్డంగా ఉందనీ, కొట్టేయించాలనీ పంచాయతీకి మేమే అర్జీ పెట్టాం. వచ్చే వారం కొలతలకు వస్తారట. అర్జీ వెనక్కి తీసుకోవాలంటే అధ్యక్షుడి సంతకం కావాలి. ఆయన ప్రస్తుతం దేనిమీదా సంతకం పెట్టడం లేదు.