చూసిన వీడియో ఎంగిలి ఎలా అవుతుందండీ?

పొద్దున్నే ఒక గ్రూపులో ఎగ్జిబిషన్ ప్రకటన వచ్చి పడింది. వీడియో ఆర్ట్, అంటే వీడియోనే కళగా చేసిన పని, కూడా తీసుకుంటారట. సంతోషపడేలోపే రెండో పేజీలో నిబంధన: ఇదివరకు ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియోలను పరిశీలించరు. దాని కింది లైనులోనే ఇంకొకటి: వీడియో కళాకారులు టీవీ, పెన్‌డ్రైవ్, ఎక్స్‌టెన్షన్ బోర్డు తామే తెచ్చుకోవాలి. ఈ రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి ఎలా రాయగలిగారో నాకు అర్థం కావడం లేదు. ఒళ్ళు మండిపోతోంది.

కాన్వాసు ఫొటోను ఫేస్‌బుక్‌లో పది వేల మంది చూసినా ఆ కాన్వాసు ఎంగిలి కాదు. చూశాం కదా, అసలుది కూడా చూద్దాం అని జనం ఇంకా ఎక్కువగా వస్తారు. వీడియో మాత్రం ఎవరో ఫోన్‌లో చూశారంటే చాలు, మైలపడిపోయింది. ఈ ఆచారం ఎవరు పెట్టారు?

వీడియో ఆర్ట్ చరిత్ర తెలిసినవాళ్ళు ఆ లైను రాయలేరు. 1969 ఏప్రిల్‌లో గెర్రీ షూమ్ అనే ఫిల్మ్ మేకర్ జర్మన్ టీవీలో లాండ్ ఆర్ట్ (ఆరుబయట నేల మీదే చేసే కళ) కార్యక్రమం ప్రసారం చేశాడు. రిచర్డ్ లాంగ్, రాబర్ట్ స్మిత్సన్, యాన్ డిబెట్స్ లాంటివాళ్ళు పనిగట్టుకుని ఆ ప్రసారం కోసమే చేసిన పనులవి. దానికి ఆయన పెట్టుకున్న పేరే టెలివిజన్ గ్యాలరీ. అదే ఏడాది డిసెంబర్ ఆఖరి రోజుల్లో, రాత్రి కార్యక్రమాలు అయిపోయాక, డిబెట్స్ చేసిన మంట టీవీలో వచ్చింది. మండుతున్న కట్టెలు, అంతే. ఇంట్లో టీవీ కాసేపు పొయ్యి అయిపోయింది. న్యూయార్క్‌లో హొవార్డ్ వైజ్ అయితే స్వయంగా గ్యాలరీ యజమాని. 1970లో గ్యాలరీకి తాళం వేసి, 1971లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇంటర్‌మిక్స్ మొదలుపెట్టి, వీడియోలను ఊరూరా పంపే పని పెట్టుకున్నాడు. 1984 జనవరి 1న వీడియో ఆర్ట్‌కు ఆద్యుడనిపించుకున్న నామ్ జూన్ పైక్ ఏకంగా ఉపగ్రహం మీద న్యూయార్క్‌నీ పారిస్‌నీ కలిపి లైవ్ నడిపాడు. వీడియో పుట్టిందే నలుగురికీ చేరడానికి. దాన్ని తెచ్చి గదిలో పెట్టి తలుపు వేసింది తర్వాత వచ్చినవాళ్ళు.

మన దేశం సంగతే చూడండి. 1969లోనే బొంబాయిలో చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ నడిపిన వర్క్‌షాపులో ఫిల్మ్ మీద ప్రయోగాలు చేసిన కళాకారిణి నళినీ మలానీ, ఏళ్ళ తర్వాత ఐప్యాడ్ మీద వేలితో గీసిన యానిమేషన్లు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతూ వచ్చారు. 2020లో లండన్ వైట్‌చాపెల్ గ్యాలరీ అలాంటివి 88 తీసుకుని ఇటుక గోడల నిండా ప్రొజెక్ట్ చేసింది. ఫోన్‌లో జనం చూసేశారు కదా అని వాళ్ళు వెనక్కి పంపలేదు. ఈ ప్రకటన ప్రకారం అయితే ఆవిడ కూడా అనర్హురాలే.

సరే, నెట్‌లో ఎక్కడా పెట్టకుండా, దాచి దాచి తెచ్చిస్తే గదిలో దానికి జరిగేది ఏమిటి? ఇక్కడే నాకు అసలు కోపం.

షోరూములోంచి తెచ్చిన టీవీని తెచ్చినట్టే తగిలిస్తారు. పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటుంది, చర్మం నారింజ రంగులోకి పోతుంది. మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటుంది. అంటే సెకనుకు 25 ఫ్రేముల వీడియోకు మధ్యలో లేని ఫ్రేములు టీవీయే కల్పించి పెడుతుంది. మెల్లగా నడిచే మనిషి జారిపోతున్నట్టు కనిపిస్తాడు, చెయ్యి ఊపితే అంచుల చుట్టూ నీళ్ళు కదిలినట్టు మసక. బొమ్మను కొంచెం సాగదీసి చూపే ఓవర్‌స్కాన్ తియ్యరు కాబట్టి నాలుగు అంచులూ కోసుకుపోతాయి, కింద ఉన్న సబ్‌టైటిల్ సగం తెగుతుంది. ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ తీస్తే అది 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు, బొమ్మను పంపుతుంది. 60ని 25తో భాగిస్తే సమంగా పోదు, ఒక ఫ్రేము రెండుసార్లు, ఇంకో ఫ్రేము మూడుసార్లు నిలబడుతుంది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాటంతా కుదుపులే. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 50 హెర్ట్జ్ పెడితే పోయే జబ్బు అది. అర నిమిషం పని. ఎవరూ చెయ్యరు.

పెన్‌డ్రైవ్ కథ వేరే. 12 నిమిషాల వీడియోను 50 ఎంబీపీఎస్‌తో (సెకనుకు 50 మెగాబిట్లు) తీస్తే 4.5 జీబీ అవుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కు మారిస్తే పాత టీవీ దాన్ని చదవదు. దాంతో ప్రారంభోత్సవం ముందు రాత్రి ఎవరో ఒక ఉచిత కన్వర్టర్‌లో వేసి 300 ఎంబీకి కుదించేస్తారు. కళాకారుడికి చెప్పను కూడా చెప్పరు. అది ఆడుతుంది, అయిపోతుంది, స్క్రీన్ నల్లబడుతుంది, ఒక గుండ్రం తిరుగుతుంది, పైన ఫైలు పేరు, ఫైనల్ టూ అనో ఫైనల్ త్రీ అనో, అయిదారు సెకన్లు నిలబడి మళ్ళీ మొదలు. లూప్ అంటే మొదలూ చివరా తెలియకుండా కలవాలని కదా ఎడిట్ చేసేది! షాపుల్లో ప్రకటనలు ఆడించే, సందు లేకుండా తిప్పే సైనేజ్ ప్లేయర్లు బజారులో దొరుకుతాయి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో కూడా చెయ్యొచ్చు. టీవీయే తెచ్చుకోమన్నవాళ్ళు ఇది కొంటారా?

ప్రొజెక్టర్ పెట్టినా ఇదే గతి. ప్రొజెక్టర్ వెలుగునే వెయ్యగలదు, నలుపును వెయ్యలేదు. తెర మీద నలుపు అంటే ఆ గదిలో ఎంత చీకటి ఉందో అంతే నలుపు. తెల్లగోడల హాల్లో ట్యూబులైట్లన్నీ వేసి, ఎదురుగా కిటికీ తెరిచి, 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్‌తో రాత్రి సీను వేస్తే గోడ మీద కనిపించేది బూడిద. కూర్చోవడానికి బల్ల ఉండదు. వీడియో ఎన్ని నిమిషాలో రాసిన చీటీ ఉండదు. వచ్చినవాళ్ళు ఎక్కడో మధ్యలో చూస్తారు, ఇరవై సెకన్లు నిలబడి వెళ్ళిపోతారు.

ఇక ఆన్‌లైన్‌ను తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు దాని వెనక ఎంత పని ఉందో తెలుసుకోవాలి. పెంకుటింటి చూరు నుంచి వాన ధారలుగా కారుతోందనుకోండి. ఫోకస్ ధార మీద ఉంది, వెనక నల్లటి వసారా. వీడియోను కుదించే ఎన్‌కోడర్ ముందు ఫ్రేమును చూసి తర్వాతి ఫ్రేమును ఊహిస్తుంది, తేడా మాత్రమే రాసుకుంటుంది. వానలో ఏ చుక్కా ముందు ఫ్రేములో ఉన్నచోట ఉండదు, అంతా తేడాయే. బిట్లు చాలక ధారలు చతురస్రాలుగా విరిగిపోతాయి, వసారా చీకటి మెట్లు మెట్లుగా చారలు పడుతుంది. పొగకు, ఏటి నీళ్ళకు, ఫిల్మ్ గ్రెయిన్‌కు ఇదే బాధ. అందుకే 1080పీలో తీసినా 2560×1440కి గానీ 3840×2160కి గానీ పెంచి ఎక్కించాలి. యూట్యూబ్ ఎలాగూ మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తుంది, పెద్ద సైజుకు ఎక్కువ బిట్లు కేటాయిస్తుంది. మనం పంపే ఫైలుకు వాళ్ళు సూచించే లెక్క 1080పీకి 8 ఎంబీపీఎస్, 1440పీకి 16, 4కేకి 35 నుంచి 45. అంతకన్నా ఎక్కువే ఇవ్వండి, నష్టం లేదు. ఎక్కించగానే పబ్లిక్ చెయ్యకండి. అన్‌లిస్టెడ్‌లో ఉంచి, పై రిజల్యూషన్లు తయారయ్యాక తెరవండి. లేకపోతే మొదటి గంటలో వచ్చినవాళ్ళంతా, అంటే మీ పని కోసం ఎదురుచూసినవాళ్ళంతా, 360పీ చూసి పోతారు.

శబ్దం ఇంకా ముఖ్యం. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దాటినదాన్ని తగ్గిస్తుంది, తక్కువ ఉన్నదాన్ని పెంచదు. ఫోన్ స్పీకర్‌లో 60 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం వినిపించనే వినిపించదు. మీ పని అంతా ఆ మోత మీదే నిలబడితే దాని పై స్వరాలు కొంచెం కలపాలి, లేదా హెడ్‌ఫోన్స్ పెట్టుకోమని మొదటి కార్డులోనే రాయాలి. తెలుగు సబ్‌టైటిల్స్ వీడియోలోనే అచ్చు వేసేవాళ్ళు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మన లిపులను సరిగ్గా కూర్చే సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ పెట్టారో లేదో చూసుకోండి. పెట్టకపోతే 'స్త్రీ' అన్న మాట ఒత్తులు ఊడి మూడు ముక్కలవుతుంది. మన అక్షరం ముక్కలై తెర మీద నిలబడితే నాకు కడుపు తరుక్కుపోతుంది. సబ్‌టైటిల్స్ మాత్రమే ఉండే ఎస్ఆర్‌టీ ఫైలును తెలుగు అక్షరాలను పట్టే యూటీఎఫ్-8లో సేవ్ చేసి విడిగా ఎక్కిస్తే ఆ బాధే లేదు.

ఆన్‌లైన్‌లో కష్టాలు లేవని అనడం లేదు. వీధిలో పోతున్న ఊరేగింపు తీస్తే వెనక డీజేలో మోగిన సినిమా పాటకు కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. మీరు అడగకపోయినా ప్రకటన వచ్చి నిలబడుతుంది. మూడు ప్రొజెక్టర్లతో మూడు గోడల మీద నడిచే పని ఫోన్‌లో చూపించలేం, దానికి గది కావాలి, మంచి గది కావాలి. అలాంటి గదులు కట్టండి అనే అడుగుతున్నాం. కానీ ఒకే తెర మీద నడిచే వీడియో, చెవికి హెడ్‌ఫోన్స్, చీకటి గది, ఇచ్చోడలోనో టెక్కలిలోనో ఉన్న పిల్ల రాత్రి పదకొండింటికి మొదటి నుంచి చివరిదాకా చూసి, నచ్చినచోట వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తే, అది చూడటం కాదా? సోమవారం సెలవు, పదకొండు నుంచి ఏడు దాకా తెరిచే హాలు కోసం ఆ పిల్ల హైదరాబాద్ బస్సెక్కాలా? ముంబైలోని క్యాంప్ అనే కళాకారుల బృందం వాళ్ళు భాగస్వాములుగా 2008 నుంచి పాడ్.మా అనే ఆన్‌లైన్ వీడియో ఆర్కైవ్‌లో ముడి ఫుటేజీని సైతం టైమ్‌కోడ్‌తో, వ్యాఖ్యలతో సహా అందరికీ తెరిచిపెట్టారు. విలువ ఏమైనా తగ్గిందా?

విలువ అంటే అమ్మకం అని నాకూ తెలుసు. 5 కాపీల ఎడిషన్, సంతకం పెట్టిన సర్టిఫికెట్, హార్డ్ డిస్కులో ప్రోరెస్ మాస్టర్, అంటే నాణ్యత తగ్గకుండా దాచిన అసలు ఫైలు. కొనేవాడు కొనేది ఆ మాస్టర్‌నీ, దాన్ని ప్రదర్శించే హక్కునూ. 1080పీ ప్రోరెస్ 422 హెచ్‌క్యూ నిమిషానికి దాదాపు 1.4 జీబీ ఉంటుంది, యూట్యూబ్‌లో దొరికేది అందులో ఏ మూలకు? రెండూ పక్కపక్కన బతకగలవు. ఎంతమంది కొన్నారు మన దగ్గర వీడియో? అమ్మే ప్రయత్నం చెయ్యనివాళ్ళు అరుదుగా ఉంచమని షరతు పెడతారా?

అన్నిటికన్నా మింగుడుపడనిది ఒకటుంది. ప్రారంభోత్సవం రోజున ముఖ్య అతిథి మైకు పట్టుకోగానే ఎవరో వచ్చి వీడియో సౌండ్ తీసేస్తారు. ఉపన్యాసాలు అయిపోతాయి, సమోసాలు అయిపోతాయి, సౌండ్ మళ్ళీ పెట్టరు. ప్రదర్శన ముగిసేదాకా అది మూగదే. పెయింటింగ్ మీద సగం దాకా గుడ్డ కప్పి వారం రోజులు ఉంచుతారా? ఆ వీడియోలో శబ్దం కోసం ఎవరో తెల్లవారుజామున నాలుగింటికి రికార్డర్ పట్టుకుని చెరువు గట్టు మీద కూర్చుని ఉంటారు.

ఆ ప్రకటనకు పంపాలనుకునేవాళ్ళు ముందు వాళ్ళకు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. టీవీ ఎవరిస్తారు, లూప్‌కు ప్లేయర్ ఏది, గదిలో లైట్లు ఆర్పుతారా, సౌండ్ రోజంతా ఉంటుందా. జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. అవి చేతికి వచ్చేదాకా ఆన్‌లైన్‌లో ఉన్న మీ వీడియో లింకు తియ్యకండి.