పదకొండు గంటల కాపుచినో నియమం గారికి

శ్రీ నియమం గారి దివ్య సముఖానికి,

ఉభయ కుశలోపరి. తమరు కుశలమేనని తెలుసు. మెల్‌బోర్న్ లైగన్ స్ట్రీట్‌లో ఏ ఇటాలియన్ హోటల్‌కి వెళ్లినా నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంటున్నారు. నా సంగతే బాగాలేదు. మధ్యాహ్నం భోంచేశాక పాలు పోసిన కాఫీ అడగడానికి తెనాలివాడు భయపడే రోజులొచ్చాయి.

మన పరిచయం ఎలా అయిందో గుర్తు చేస్తాను. మా ఆఫీసు మిత్రుడొకడు పది రోజులు రోమ్ వెళ్లాడు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చాక మాత్రం పొద్దున పదకొండు దాటి ఎవరి చేతిలో కాపుచినో, అంటే నురగ పాల కాఫీ, కనబడినా, ఏకాదశి నాడు ఉల్లిపాయ తిన్నవాడిని చూసినట్టు చూడటం మొదలెట్టాడు. "అసలైన ఇటాలియన్లు పొద్దున తప్ప ముట్టరు" అన్నాడు. ఎందుకంటే, పాలు బరువట, భోజనం మీద అరగవట. మారు మాట్లాడకుండా పాలు లేని చిక్కటి ఎస్ప్రెసోకి మారిపోయాను. నాలుగేళ్లైంది. ఇప్పటికీ ఆ చేదుకి మొహం అలవాటు పడలేదు.

అయ్యా, పెరుగన్నం తినకుండా లేస్తే మా అమ్మ లెక్కలో అది భోజనమే కాదు. గడ్డపెరుగు ముద్దలో మాగాయ నంజుకుని చెయ్యి కడుక్కునే జాతికి, తిన్నాక పాలు అరగవని తమరు చెబుతున్నారు. సరే, మా పొట్టలు వేరనుకోండి. ఇటాలియన్ పొట్టల సంగతే చూద్దాం. అదే మెనూ చివరి పేజీలో పన్నా కోట్టా ఉంటుంది. ఆ మాటకి అర్థమే 'వండిన మీగడ'. తిరమిసు ఉంటుంది, కాఫీలో ముంచిన బిస్కెట్ల మధ్య బారెడు మస్కర్పోనే అనే మీగడ చీజ్. అఫొగాటో ఉంటుంది, ఐస్‌క్రీం ముద్ద మీద వేడి ఎస్ప్రెసో పోసి ఇస్తారు. కాఫీ, పాలు, పంచదార, మధ్యాహ్నం రెండింటికి! చెంచాతో తింటే సంప్రదాయం, కప్పుతో తాగితే అపచారం. మాకియాటోకి కూడా మినహాయింపు ఉందని విన్నాను. ఆ పేరుకి 'మరక పడినది' అని అర్థం, అంటే కాఫీలో పాల మరక. కాపుచినోకి ఇటలీవాళ్లే కొలత పెట్టుకున్నారు, 25 మిల్లీలీటర్ల ఎస్ప్రెసోకి 100 మిల్లీలీటర్ల పాలు. ఆ మరకకీ ఈ వందకీ మధ్య ఎన్నో చుక్క దగ్గర పాపం మొదలవుతుందో సెలవిస్తే, ఒక చుక్క ముందే ఆపించుకుంటాను.

పోనీ తమరేమైనా వేదకాలం వారా? మిలన్‌లో బెజ్జెరా అనే ఆయన ఎస్ప్రెసో యంత్రానికి పేటెంట్ తీసుకున్నది 1901లో. కాపుచినోకి పూర్వీకుడేమో వియన్నాలో తాగిన కపుజీనర్ అనే కాఫీ. మీ తమ్ముడు 'కార్బొనారాలో క్రీమ్ వెయ్యకూడదు' గారి సంగతీ ఇంతే (కార్బొనారా అంటే గుడ్డు, చీజ్ కలిపిన పాస్తా). 1954లో ఒక ఇటాలియన్ వంటల పత్రికలో అచ్చయిన కార్బొనారాలో వెల్లుల్లి, గ్రూయేర్ చీజ్ ఉన్నాయి. గ్రూయేర్ స్విట్జర్లాండ్‌ది. ఈరోజు రోమ్‌లో అలా వండిపెడితే చుట్టాలు రాకపోకలు మానేస్తారు.

అదే 1954లో మెల్‌బోర్న్ బర్క్ స్ట్రీట్‌లో పెలెగ్రినీస్ ఎస్ప్రెసో బార్ తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓడలెక్కి వచ్చిన ఇటాలియన్లు ఈ ఊరికి కాఫీ రుచి చూపించారు. ఊరు ఊరుకుందా? కాపుచినో మీద చాక్లెట్ పొడి చల్లి మూడు పూటలా తాగింది. అప్పుడు తమరెక్కడున్నారో నాకు తెలియదు, బహుశా వీసా రాలేదేమో.

ఇక అసలు విషయం. పోయిన ఆదివారం మా మావయ్యని లైగన్ స్ట్రీట్‌కి తీసుకెళ్లాను. తెనాలి నుంచి వచ్చి వారమైంది. అక్కడ హోటళ్ల ముందు మనుషులు మెనూలు పట్టుకుని దారినపోయేవాళ్లని పిలుస్తుంటారు. గుంటూరు బస్టాండ్‌లో దిగినట్టనిపించిందేమో, మావయ్య అప్పుడే కుదుటపడ్డాడు. వంకాయ పార్మిజానా వచ్చింది. "లేత వంకాయని చీజ్‌లో ముంచి చంపారు కదరా" అంటూనే ప్లేటు ఖాళీ చేశాడు. టైమ్ ఒంటిగంటా నలభై. కాపుచినో చెప్పమన్నాడు.

"ఇప్పుడు అడగకూడదు మావయ్యా, పదకొండు దాటింది."

"ఏం, పాలు అయిపోయాయా?"

"అది కాదు. ఇటలీలో ఈ టైమ్‌లో తాగరు."

"మనం ఇటలీలో ఉన్నామా?"

ఈలోగా హోటల్ పెద్దాయన ప్లేట్లు తియ్యడానికి వచ్చాడు. చిన్నప్పుడే దక్షిణ ఇటలీలోని కలాబ్రియా నుంచి వచ్చానని మాటల్లో చెప్పిన మనిషి. మేం నోరు విప్పకముందే, "రెండు కాపుచినోలేనా?" అని తనే అడిగాడు. మావయ్య నావైపు చూశాడు. అంతదాకా వచ్చాక కూడా తమరి పరువు కాపాడదామని, "నాకు ఎస్ప్రెసో, డబుల్" అన్నాను.

మావయ్య కాపుచినోని సాసర్లో పోసుకున్నాడు. ఊదుకుంటూ, పక్క బల్లలకి కూడా వినబడేలా జుర్రుకున్నాడు. అడుగున మిగిలిన నురగకీ చాక్లెట్‌కీ చెంచా అడిగాడు. పెద్దాయన పరుగున తెచ్చిచ్చాడు. "బాగుందిరా, డికాక్షనే కాస్త తక్కువైంది" అని తీర్పు చెప్పాడు.

ఆ రాత్రి రెండైనా నాకు నిద్ర పట్టలేదు. హాల్లో మావయ్య గురక వింటూ ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇట్లు,
రాజీనామా ఆలోచనలో ఉన్న తమ విధేయుడు

తా.క.: మీ ఇంకో తమ్ముడు 'రొయ్యల పాస్తా మీద చీజ్ చల్లకూడదు' గారికి కాస్త కబురు పెట్టండి. శనివారం మళ్లీ అక్కడికే వెళ్తున్నాం. ఈసారి మావయ్య జేబులో నల్లకారం పొట్లం ఉంటుంది.