మహారాజశ్రీ ఇరవై కేజీల ప్లేటు గారి దివ్యసముఖమునకు

నడుము పట్టేసినవాళ్ల తరఫున, చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి పైకెత్తలేనివాళ్ల తరఫున నమస్కరించి వ్రాయు విన్నపములు. తమరు క్షేమమా అని వేరే అడగక్కర్లేదు, ఇనుముకేమవుతుంది? ఇక్కడి క్షేమాలే కాస్త అటూ ఇటూగా ఉన్నాయి.

సాయంత్రం ఏడింటికి జిమ్‌లో తమరి ప్రాభవం చూసి తీరాలి. రాడ్‌కు అటొకరు ఇటొకరుగా కొలువుదీరి ఉంటారు. రాడ్ 20, తమరిద్దరూ 40, వెరసి 60 కేజీలు. కుర్రాడు డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది రాడ్‌ను పట్టుకుని నిటారుగా నిలబడడం, ఐదుసార్లు చేస్తాడు, ఐదోది పళ్లు బిగించి. అక్కడితో ఆగితే ఆ రోజు పని అయినట్టే. అంతలో పక్కనుంచి "అంతేనా అన్నా?" అని ఒక మాట వినబడుతుంది. ఎవరో ఫోన్ కూడా పైకెత్తుతారు. ఇంకేం, తమరి దాయాదులు మరో ఇద్దరు వచ్చి ఎక్కుతారు. 60 కాస్తా 100. ఆ పైనబడ్డ నలభై ఎవరి ఖాతాలో పడిందో మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది.

ఆ వేళ లెక్కలు చెబితే వినే నాథుడు ఉండడు గానీ, తమరికి తీరికే కదా, వినండి. ఎత్తిన బరువును ఎన్నిసార్లు ఎత్తారో దాంతో గుణించి, 30తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఆ బరువుకే కలిపితే ఒక్కసారి ఎత్తగల గరిష్ఠం ఎంతో అంచనాకు వస్తుంది. 60 కేజీలు ఐదుసార్లు లేచి ఆరోది లేవకపోతే, 300ను 30తో భాగిస్తే 10, మొత్తం 70. ఉజ్జాయింపు లెక్కే, ఆపకుండా పదిసార్లు దాటి ఎత్తిన సెట్లకు బాగా తప్పుతుంది కూడా. ఎంత తప్పినా 70 పోయి 100 కాదు.

రాడ్ చివర కూర్చుంటారు గనక మధ్యలో ఏం జరుగుతుందో తమరికి సరిగ్గా కనపడకపోవచ్చు. పని సవ్యంగా సాగితే ఇలా ఉంటుంది. రాడ్ పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన, కాలి ముందు ఎముకకు అంగుళం దూరంలో ఉంటుంది. కాళ్లకు కాస్త బయటగా చేతులతో పట్టుకుని, రాడ్‌ను కదపకుండా, కాలి ఎముక దానికి తగిలేదాకా మోకాళ్లు వంచాలి. ఛాతీ ఎత్తి, పొట్టలోకి గాలి పీల్చి, ముందూ పక్కలా వెనకా నడుం చుట్టూ బిగించాలి. వెంటనే గుంజకూడదు. ముందు మెల్లగా లాగితే రాడ్‌కూ తమరికీ మధ్యనున్న వదులు పోయి టక్కున చిన్న చప్పుడు వస్తుంది. ఆ తర్వాతే కాళ్లతో నేలను తోయాలి. రాడ్ ఒంటిని రాసుకుంటూ పైకి రావాలి, కిందికీ అలాగే దిగాలి. ఊపిరి బిగపడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది గనక బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడి, తేలిక బరువులతో, లేపేటప్పుడు గాలి వదులుతూ చేసుకోవాలి.

దాయాదులు ఎక్కాక ఈ వరసంతా తారుమారు. కాళ్లకు ఆ బరువును కదిపే శక్తి లేదు గనక పిరుదులు ముందే పైకి లేస్తాయి, రాడ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మోకాళ్లు తిన్నగా అయిపోయాయి, ఇక మిగిలిన దిక్కు నడుమే. రాడ్ కాళ్లను వదిలి నాలుగు వేళ్లు ముందుకు జరుగుతుంది. కేజీ కూడా పెరగకుండానే నడుం కింది పూసల మీద లాగుడు పెరిగేది ఇక్కడే, బరువు ఎంత దూరం జరిగితే అంత ఎక్కువ. అప్పటిదాకా తిన్నగా ఉన్న వెన్ను భారం మోస్తూ మోస్తూ వంగిపోతుంది. వెన్ను వంగడమే పాపమని కాదు, చెప్పుల కోసం వంగితే ఎవరికీ ఏమీ కాదు. అలవాటు లేని బరువు కింద అదుపు తప్పి వంగడంతోనే పేచీ. బెల్టు ఉంది కదా అంటారు. పొట్ట బిగించినప్పుడు తోయడానికి అదొక ఆనిక, అంతే. బిగించడం రానివాడికి అది తోలుపట్టీ.

తమరి బరువు సంగతి ఎలా ఉన్నా, తమరి ఎత్తుకు మాత్రం దండం పెట్టాలి. పోటీల్లో వాడే ఇరవై కేజీల ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి రాడ్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. డెడ్‌లిఫ్ట్ కొలతలన్నీ ఆ ఎత్తుకే. కొత్తగా చేరిన అమ్మాయి పది కేజీల చిన్న ఇనప ప్లేట్లతో మొదలుపెడితే రాడ్ ఇంకా కిందికి దిగిపోతుంది, అంత లోతుకు వెన్ను గుండ్రం కాకుండా వంగడం చాలామందికి కుదరదు. "నీకు ఫామ్ రావట్లేదు" అని ఆమెను అంటారు గానీ, ప్లేటు చిన్నదని ఎవరూ అనరు. తమరిలో ఒకరిద్దరు రాడ్ రెండు చివర్ల కింద వెల్లకిలా పడుకుంటే ఎత్తు సరిపోతుంది. పైకెక్కినందుకు కాక కింద పడుకున్నందుకు వచ్చే పుణ్యం, ఆలోచించండి.

ఇక అసలు ఫిర్యాదు. తమరి వంశంలో 1.25 కేజీల చిన్నవాడు ఒకడున్నాడు. ఏ జిమ్‌లోనైనా వాడు తన చోటులో ఉండడు. స్క్వాట్‌కు, అంటే రాడ్ భుజాన వేసుకుని తీసే గుంజీళ్లకు, ఎవరో మడమల కింద పెట్టుకుని అక్కడే వదిలేసి పోతారు. వాడు అటొకటి ఇటొకటి ఎక్కితే 60 పోయి 62.5 అవుతుంది. ఐదేసి రెప్పుల, అంటే ఐదేసిసార్లు ఎత్తే, మూడు సెట్లు నీటుగా వచ్చాయా, ఇంకో రెండు లేపే ఓపిక మిగిలి ఉండగానే ఆపారా, అయితే వచ్చే వారం రెండున్నర కలుపుకోవచ్చు. అలా ఏ అడ్డూ లేకుండా సాగితే 60 నుంచి 100కి 16 వారాలు. సాగదు. మధ్యలో నిద్ర చాలని వారాలుంటాయి, పెళ్లిళ్లుంటాయి, బరువు కదలని రోజులుంటాయి. అయినా తమరితో ఒక్క సాయంత్రంలో వెళ్లే దారికన్నా అది దగ్గరి దారి. కండ తొందరగా అలవాటుపడుతుంది, కండను ఎముకకు కట్టే టెండన్లకు నెలలు పడుతుంది. కండలో బలం వచ్చిందన్న ధీమాతో ఎగబాకినవాళ్లకే మోచేయి, భుజం, మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది.

చిన్నవాడని చులకన చేస్తారేమో. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 69 కేజీల విభాగంలో స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపున తల మీదికి) 110, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాలకు, అక్కణ్ణుంచి తల మీదికి) 130, మొత్తం 240 ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమెకు పైన నిలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. అంటే పతకం రంగు మారడానికి అడ్డు నిలిచింది ఎవరూ ముట్టని ఆ చిన్న ప్లేట్లు రెండు.

నిజంగానే వందకు అర్హులైనవాళ్లు పిలిస్తే తమరు రావచ్చు, కానీ వరసలో రండి. ఖాళీ రాడ్‌తో పది, 40తో ఐదు, 60తో ఐదు, 80తో మూడు, 90తో ఒకటి, ఆపైన 100. పెద్ద సెట్ల మధ్య మూడు నిమిషాలు, వాచీ చూసుకుని. రీల్ చూసుకుని కాదు.

బెంచ్ ప్రెస్, అంటే బల్ల మీద వెల్లకిలా పడుకుని రాడ్‌ను ఛాతీ మీంచి పైకి తోయడం, దగ్గర తమరి ఆగడం వేరే రకం. అక్కడ తమరు దిగేది మెడ మీదికి. బొటనవేలు రాడ్ చుట్టూ తిప్పకుండా పట్టుకోవడం ఈ మధ్య ఫ్యాషన్, రాడ్ అరచేతిలోంచి జారితే ఆపేది ఏదీ ఉండదు. మోచేతులు భుజాలకు సమంగా బార్లా చాపితే భుజం ముందుభాగం నలుగుతుంది, ఒంటికి 45 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంచి, రాడ్‌ను ఛాతీ కిందిభాగానికి దించాలి. రాడ్‌ను ఆనించే స్టాండులో, అదే ర్యాక్‌లో, జారిన రాడ్‌ను ఆపే సేఫ్టీ రాడ్లు ఉంటే ఛాతీ ఎత్తుకు ఒక వేలు కిందుగా పెట్టుకోవాలి. అవీ లేక, తోడూ లేక ఒంటరిగా చేసేవాళ్లు తమరు జారకుండా రాడ్ చివర బిగించే క్లిప్పులు పెట్టకూడదు, ఇరుక్కుంటే ఒకవైపు వంచి తమరిని నేలకు జార్చే దారి అదొక్కటే. తోడు నిలబడే పెద్దమనిషి సంగతి మరీ విడ్డూరం. మొదటి రెప్ నుంచే రాడ్ కింద రెండు చేతులూ వేసి సగం తనే లేపుతూ "ఇంకొక్కటి అన్నా, ఇంకొక్కటి!" అంటాడు. ఆ రోజు ఛాతీ ఎవరిది పెరిగిందో చెప్పడం కష్టం.

తమరు వెళ్లాక జరిగే వైద్యం కూడా వినండి. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లను వెతికి పట్టుకొచ్చి తన్నించుకుంటారు, లేదంటే వారం మంచమెక్కుతారు. మామూలు పట్టుకు ఆ రెండూ అక్కర్లేదు, నొప్పి భరించేంతలో నడుస్తూ, తేలికగా కదులుతూ ఉంటేనే తొందరగా తగ్గుతుంది. వ్యాయామం చేసిన మర్నాడు, ఎల్లుండి రెండు తొడలూ సమంగా నొప్పెడితే కంగారు లేదు, మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఎత్తుతుండగానే ఒక్కచోట పోటు వస్తే మాత్రం ఆ సెట్టు అక్కడే వదిలేయాలి. నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరెక్కితే డాక్టరు దగ్గరికి. తొడల సందున మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా అదే రాత్రి ఆసుపత్రికి. చాలా గ్యాప్ తర్వాత వచ్చి ఒకేరోజు విరగబడి చేసినవాళ్లకు మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే కండరాలు చితికి కిడ్నీల మీద పడుతోందని అర్థం, అది కూడా ఆగే వ్యవహారం కాదు.

ఇట్లు,
తమరి కింద నలిగినవారి తరఫున.

తా.క.: సెట్టు అయ్యాక తమరిని దించేవాళ్లకు కూడా ఒక మాట చెప్పగలరు. ర్యాక్ మీదున్న రాడ్‌కు ఒకవైపు ప్లేట్లన్నీ ముందే తీసేస్తే రెండోవైపు తమరి భారానికి రాడ్ ఎగిరిపడి, అద్దంలో చేతులు చూసుకుంటున్న పక్కవాడి దవడకు తగులుతుంది. ఇటొకటి, అటొకటి తీయమనండి.