సవరణ: హామక్‌లో చలి కింద నుంచి కొడుతుంది

హామక్‌లో, అంటే చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఊయలలో పడుకోవడం గురించి పోయిన పోస్టులో "వేసవే కదా, హామక్‌లోకి మందపాటి స్లీపింగ్ బ్యాగ్ ఒక్కటి చాలు" అని రాశాను. అది తప్పు. నా మాట నమ్మి ఎవరైనా రాత్రంతా వణికి ఉంటే మన్నించాలి.

బ్యాగ్ వెచ్చదనమంతా లోపలి ఈకలు, దూది మధ్య నిలిచిన గాలిది. మనం పడుకోగానే వీపు కింద అదంతా అప్పడంలా అణిగిపోతుంది. నేల మీదైతే కింద ప్యాడ్ వేస్తాం. హామక్‌కి కింద ఉన్నదల్లా వీచే గాలే. అమెరికాలోని స్మోకీ పర్వతాల్లో బాల్సమ్ మౌంటెన్ క్యాంప్‌గ్రౌండ్ 5,310 అడుగుల ఎత్తున ఉంది. అంత ఎత్తులో జులైలో కూడా తెల్లవారుజామున నడుము జిల్లుమంటుంది.

కాబట్టి అండర్‌క్విల్ట్, అంటే హామక్ కింద కట్టే బొంత కొనండి. అది హామక్‌కి బయట, కింద వేలాడుతుంది కాబట్టి అణగదు. మరీ బిగించి కట్టకండి, అలాగని సందూ వదలకండి, ఆ సందులోంచే గాలి దూరుతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే ఫోమ్ ప్యాడ్ కూడా పనిచేస్తుంది. కాకపోతే అర్ధరాత్రి జారిపోయి విసిగిస్తుంది. రెండు పొరల హామక్ ఉంటే ఆ పొరల మధ్య దూర్చండి, కాస్త కుదురుగా ఉంటుంది.

ఇంకో పొరపాటు. బ్యాగ్ మీద 5 డిగ్రీలని ఉంటే 5 దాకా హాయిగా నిద్రపోవచ్చన్నాను. చాలాసార్లు ఆ అంకె "లిమిట్"ది, అంటే ముడుచుకుని పడుకుంటే ఓర్చుకోగలిగేది. లేబుల్‌పై "కంఫర్ట్" అంకె విడిగా ఉంటుంది, కొనేటప్పుడు అదే చూడండి.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను.