లైబ్రేరియన్‌కి పాఠంతో పనేంటి అంటారా?

"అన్నీ నెట్‌లో దొరుకుతున్నాయి. లైబ్రేరియన్ పుస్తకాలిచ్చి పుచ్చుకుంటే చాలు, పాఠం సంగతి టీచర్ చూసుకుంటారు. ఇద్దరూ కలిస్తే సిలబస్ వెనకబడుతుంది." గ్రూపుల్లో తెగ తిరిగే మాట ఇది.

దొరకడం నిజమే. దొరికినదాన్ని నమ్మొచ్చో లేదో తేల్చుకోవడమే కష్టం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో ప్రకటించిన అధ్యయనంలో 203 మంది మిడిల్ స్కూల్ విద్యార్థులను పరీక్షిస్తే, 'స్పాన్సర్డ్ కంటెంట్' అని స్పష్టంగా రాసి ఉన్న ప్రకటనను 80 శాతానికి పైగా వార్తే అనుకున్నారు. ఇంకో ట్యాబ్ తెరిచి, ఆ సైట్ ఎవరిదో, దాని గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూడటం ఎవరో ఒకరు నేర్పాలి.

ఇక ఇచ్చి పుచ్చుకోవడం. టీచర్ 'నీరు' మీద ప్రాజెక్ట్ ఇచ్చారనుకోండి. పుస్తకాలను విషయం బట్టి నంబర్లతో అమర్చే డ్యూయీ వర్గీకరణలో నదులు 551.48 దగ్గర, నీటి సరఫరా సేవలు 363.61 దగ్గర, సరఫరా ఇంజనీరింగ్ 628.1 దగ్గర ఉంటాయి. ఒక్క అర వెతికి వెళ్లిపోయిన విద్యార్థికి మిగతావి ఉన్నాయనే తెలియదు. పైగా క్లాసంతా ఒకేరోజు వచ్చిపడితే ముందొచ్చిన నలుగురూ పుస్తకాలు ఇంటికి పట్టుకుపోతారు. టీచర్ రెండు వారాల ముందే తేదీ, విద్యార్థుల సంఖ్య, అసలు ప్రశ్న చెబితే, లైబ్రేరియన్ ఆ పుస్తకాలన్నీ ఒక ర్యాక్‌లో పెట్టి 'ఇక్కడే చదవాలి' అని రాసి ఉంచగలరు. ప్రశ్న కూడా మారాలి. 'నీటి కాలుష్యం గురించి రాయండి' అంటే మొదటి లింకులోని పేరా దిగుతుంది, ఆ తప్పు పిల్లలది కాదు. 'ఒకే నది గురించి ఈ రెండు ఆధారాలూ వేర్వేరు లెక్కలు ఎందుకు చెబుతున్నాయి?' అని అడిగితే ఎత్తిరాయడానికి ఎక్కడా సిద్ధంగా దొరకదు.

సిలబస్ వెనకబడేది లైబ్రరీ పీరియడ్‌ను పాఠంతో సంబంధం లేకుండా విడిగా నడిపినప్పుడు. ప్రాజెక్ట్‌లోనే కలిపితే మూడు పీరియడ్లు చాలు: ప్రశ్నను కుదించడానికి ఒకటి, వెతకడానికి ఒకటి, నోట్సుకు ఒకటి. నోట్సు చిన్న కార్డుల మీద రాయించాలి: కార్డుకు ఒకే విషయం, కింద ఆధారం, పేజీ నంబరు. 20 మార్కుల్లో 5 ఆధారాలకిచ్చి, అవి లైబ్రేరియన్ చేత వేయించాలి. మార్కులు లేకపోతే ఆధారాల జాబితా చివరి రాత్రి పుడుతుంది.

కొంత చదివాక పిల్లల్లో గందరగోళం పెరుగుతుందని, విద్యార్థులు సమాచారం ఎలా వెతుకుతారో అధ్యయనం చేసిన అమెరికా పరిశోధకురాలు కారల్ కుల్తావ్ పరిశోధన చూపింది. టీచర్లు దాన్ని తరచూ బద్ధకమనుకుంటారు. మూడు పీరియడ్లకీ టీచర్, లైబ్రేరియన్ ఇద్దరూ రావడం కుదరకపోతే, కనీసం ఈ గందరగోళం కనిపించే వెతికే పీరియడ్‌లో ఇద్దరూ గదిలో ఉండాలి.