హక్కుకు పత్రిక, బాధ్యతకు తీగ

అమెరికాలో నెట్ న్యూట్రాలిటీ (ఇంటర్నెట్ సమానత్వం) నిబంధనలు మళ్లీ కుప్పకూలాయి. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో 3-2 ఓట్ల తేడాతో ఆమోదించిన ఉత్తర్వును సిన్సినాటిలోని ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2025 జనవరి 2న కొట్టివేసింది. బ్రాడ్‌బ్యాండ్ 'సమాచార సేవ' మాత్రమేనని, దాన్ని టెలికాం సేవగా వర్గీకరించి ఆంక్షలు పెట్టే అధికారం కమిషన్‌కు లేదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. చట్టంలో అస్పష్టత ఉన్నచోట నియంత్రణ సంస్థ చెప్పే అర్థాన్ని కోర్టులు మన్నించాలన్న 1984 నాటి సూత్రాన్ని సుప్రీంకోర్టు 2024 జూన్‌లో రద్దు చేసినప్పుడే ఈ తీర్పుకు బాట పడింది. 2015లో వచ్చి, 2017లో పోయి, 2024లో తిరిగి వచ్చి, స్టేతో ఆగి, 2025లో చచ్చిన ఈ నిబంధనల కథ పాఠకులకు కొత్త కాదు. అవి కోరినదీ పెద్దదేమీ కాదు. వినియోగదారు అడిగిన చట్టబద్ధమైన సమాచారాన్ని ఆపవద్దు, నెమ్మదింపజేయవద్దు, డబ్బు పుచ్చుకుని ఒకరి సమాచారాన్ని మరొకరి కంటే ముందుకు తోయవద్దు. ఇంతే.

తీర్పంతా చట్టంలోని నిర్వచనాల చుట్టూ తిరిగింది. ఆ చర్చ న్యాయనిపుణులు చేసుకుంటారు. మమ్మల్ని కలవరపెడుతున్నది తీర్పులో చర్చకు రాని, దాని వెనక కాచుకుని కూర్చున్న మరో వాదన. తమ తీగల గుండా పోయే సమాచారంలో దేన్ని ముందు పంపాలో, దేన్ని వెనక్కి నెట్టాలో నిర్ణయించుకోవడం తమ భావప్రకటనా స్వేచ్ఛ అని ఇంటర్నెట్ సేవా సంస్థలు ఏళ్ల తరబడి కోర్టుల్లో చెబుతూ వచ్చాయి. కమిషన్ నిబంధనలు పోయాయి కనుక ఇక మిగిలినవి కాలిఫోర్నియా 2018లో చేసుకున్నటువంటి రాష్ట్ర చట్టాలు, రేపెప్పుడైనా కాంగ్రెస్ చేయదలిస్తే చేయగల చట్టం. వాటి మీదికి దూయడానికి ఒరలో ఉన్న కత్తి ఈ వాదనే. దానికి ఒక్కసారి సుప్రీంకోర్టు ముద్ర పడితే ఆ తర్వాత ఏ చట్టసభ ఏమి చేసినా చెల్లదు.

2012లో అమెరికా టెలికాం సంస్థ వెరైజన్ వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టుకు సమర్పించిన వాదనను గుర్తు చేసుకోవాలి. ఏ వార్త వేయాలో, ఎక్కడ వేయాలో నిర్ణయించుకునే హక్కు పత్రికకు ఉన్నట్లే, కొన్ని అంశాలకు ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చే హక్కు తమకూ ఉందని ఆ సంస్థ అన్నది. 2014 జనవరిలో వేరే కారణంతో కమిషన్ అంతకుముందరి నిబంధనలను చాలావరకు కొట్టేసిన ఆ కోర్టు, ఈ ప్రశ్న జోలికి వెళ్లలేదు. అందువల్ల చాలామంది దాన్ని మరిచిపోయారు. మేము మరిచిపోలేదు. మాతో పోల్చుకున్నారు కాబట్టి మా జవాబు మేము చెప్పాలి.

పత్రిక తాను వేసిన ప్రతి అక్షరానికీ పూచీ పడుతుంది. సంపాదకుడి పేరు, ముద్రాపకుడి పేరు, చిరునామా రోజూ అచ్చవుతాయి. తప్పు రాస్తే సవరణ వేయాలి. పరువు తీస్తే కోర్టు బోనెక్కాలి. ఎవరో పంపిన ఉత్తరం అచ్చువేసినా, అది మాది కాదు, పాఠకుడిది అని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు. ఎంపిక చేసింది మేము గనుక జవాబుదారీ మేమే. సంపాదక స్వేచ్ఛ అనే మాట వెనక ఇంత బరువు ఉంది. ఆ బరువులో గుండుసూదంత కూడా మోయని సంస్థలు ఆ స్వేచ్ఛ మాత్రం తమకు కావాలంటున్నాయి. పైగా అవి నెలనెలా చందా వసూలు చేసేది తమ అభిప్రాయాలు వినిపిస్తామని చెప్పి కాదు, ఇంటర్నెట్ మొత్తం మీ ముందు ఉంచుతామని చెప్పి. తన సేవా సంస్థకు సంపాదకుడెవరో ఏ చందాదారుకైనా తెలుసా? అసలు ఉన్నాడని ఎవరైనా ఎప్పుడైనా అనుకున్నారా?

ఇదే వెరైజన్ ఇదే కోర్టులో అంతకు తొమ్మిదేళ్ల ముందు ఏమన్నదో చూడండి. పాటలను అక్రమంగా పంచుకున్నారన్న ఆరోపణపై చందాదారుల పేర్లు బయటపెట్టాలని రికార్డింగ్ పరిశ్రమ పట్టుబట్టింది. వెరైజన్ కుదరదన్నది. తాము కేవలం సమాచారాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసే మార్గమే తప్ప అందులో ఏముందన్నది తమ వ్యవహారం కాదని వాదించింది. 2003 డిసెంబరులో కోర్టు ఆ వాదనను ఆమోదించింది. సరైన తీర్పే అది. వినియోగదారుల గోప్యతను కాపాడినందుకు ఆ రోజు ఆ సంస్థ ప్రశంసకు అర్హమైంది కూడా. కానీ 2003లో మార్గమైనది 2012లో పత్రిక ఎలా అయింది? తీగలు అవే, చందాదారులు వారే, కోర్టు అదే. మారినది ఒక్కటే, ఆ రోజు తప్పించుకోవాల్సింది బాధ్యతను, ఈ రోజు తప్పించుకోవాల్సింది నియంత్రణను. ఏ రోటి దగ్గర ఆ పాట అంటే ఇదే.

ఈ ద్వంద్వ నీతి ఒక్క సంస్థకు పరిమితమైనది కాదు. పరిశ్రమ మొత్తం దాని మీదే నిలబడి ఉంది. 1996లో అమెరికా చేసిన చట్టంలోని 230వ సెక్షన్, ఇతరులు అందించిన సమాచారానికి ఈ సంస్థలను ప్రచురణకర్తలుగా గానీ వక్తలుగా గానీ పరిగణించరాదని స్పష్టంగా చెబుతుంది. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే సంస్థలు ఆ నిర్వచనంలో పేరుపేరునా ఉన్నాయి. 1998 నాటి కాపీరైట్ చట్టం కూడా వాటికి రక్షణ ఇచ్చింది. అయితే దానికి షరతు పెట్టింది. సమాచారం యాంత్రికంగా సాగిపోవాలి, సంస్థ దాన్ని ఎంపిక చేయరాదు. అంటే ఎంచుకోకపోవడానికి ప్రతిఫలంగానే రక్షణ దొరికింది. ఇరవై అయిదేళ్లకు పైగా ఆ రక్షణ అనుభవించి, ఇప్పుడు ఎంచుకోవడమే మా రాజ్యాంగ హక్కు అంటే దాన్ని ఏమనాలి?

కాక్స్ కమ్యూనికేషన్స్ వ్యవహారం మరో ఉదాహరణ. చందాదారుల కాపీరైట్ ఉల్లంఘనలకు ఆ కేబుల్ సంస్థ 100 కోట్ల డాలర్లు చెల్లించాలని 2019లో వర్జీనియాలో జ్యూరీ తీర్పు చెప్పింది. 2024 ఫిబ్రవరిలో అప్పీళ్ల కోర్టు ఆ మొత్తాన్ని రద్దు చేసినా సంస్థ బాధ్యతను పూర్తిగా తుడిచేయలేదు. తాము కనెక్షన్ ఇచ్చేవాళ్లమేనని, దాన్ని ఎవరు దేనికి వాడుకుంటే తమకేమిటి సంబంధమని అడుగుతూ కాక్స్ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఈ వాదనలో న్యాయం ఉందనే మేము భావిస్తున్నాం. ఎవరో ఫిర్యాదు చేశారని ఇళ్ల కనెక్షన్లు తెంపే పని సేవా సంస్థల చేతికి రాకూడదు. అయితే పరిశ్రమ అదే వాదన మీద చివరిదాకా నిలబడాలి. ఒక కేసులో తీగ, మరో కేసులో పత్రిక అంటూ అటూ ఇటూ దూకుతుంటే కోర్టులు ఊరుకోకూడదు.

ఈ 'సంపాదకత్వం' ఆచరణలో ఎలా ఉంటుందో ఊహించుకోవాల్సిన పని లేదు. 2005లో కెనడాలోని టెలస్ అనే టెలికాం సంస్థలో కార్మిక వివాదం నడుస్తున్నప్పుడు, కార్మిక సంఘం వైపు వాదన వినిపించే ఒక వెబ్‌సైటును ఆ సంస్థ తన చందాదారులకు అందకుండా చేసింది. పనికి వెళ్తున్న ఉద్యోగుల భద్రత కోసమేనన్నది. అదే సర్వర్‌లో ఉన్న పాపానికి ఆ వివాదంతో ఏ సంబంధమూ లేని 700కు పైగా వెబ్‌సైట్లు కూడా మూతపడ్డాయి. యజమాని, ప్రతివాది, న్యాయమూర్తి అన్నీ తానే అయిన సంస్థ చేతిలో మీట ఉంటే అది ఎటు తిరుగుతుందో ఇంతకంటే చెప్పాలా? 2007 సెప్టెంబరులో వెరైజన్ మొబైల్ విభాగం అబార్షన్ హక్కుల సంస్థ ఒకటి తన మద్దతుదారులకు సందేశాలు పంపుతామంటే తిరస్కరించింది. ఆ సందేశాలు కావాలని కోరి పేరు నమోదు చేసుకునేవారికే అవి వెళ్తాయి. అయినా వివాదాస్పద అంశమంటూ అడ్డుపడింది. వార్త పత్రికలకెక్కగానే నిర్ణయం మార్చుకుంది. పత్రికలకెక్కనివి ఎన్ని ఉంటాయి?

వీటన్నిటికంటే అమెరికా ఇంటర్నెట్ సేవా సంస్థ కామ్‌కాస్ట్ చేసిన పని ఘోరం. 2007లో బిట్‌టొరెంట్ ద్వారా ఫైళ్లు పంచుకుంటున్న చందాదారుల కనెక్షన్లు అకారణంగా తెగిపోవడం మొదలైంది. మేము అడ్డుకోవడం లేదని సంస్థ బుకాయించింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ స్వయంగా పరీక్ష పెట్టింది. కాపీరైట్ గొడవ లేకుండా ఉండేందుకు బైబిల్ ప్రతినే ఫైలుగా పంపి చూసింది. అది కూడా ఆగిపోయింది. జరిగిందేమిటంటే, రెండు కంప్యూటర్ల మధ్య సంస్థ పెట్టిన పరికరాలు ఒకదాని పేరుతో మరొకదానికి, కనెక్షన్ ముగించు అనే దొంగ సందేశాలు పంపాయి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు చాటుగా ఒకరి గొంతుతో రెండోవారికి 'ఇక చాలు' అని చెప్పడం లాంటిది ఇది. అవతలివారే మాట తుంచేశారని ఇద్దరూ నమ్ముతారు. ఏ పత్రికా కార్యాలయంలోనైనా దీన్ని ఎడిటింగ్ అనరు. ఫోర్జరీ అంటారు. 2008 ఆగస్టులో కమిషన్ మందలిస్తే, మందలించే అధికారం కమిషన్‌కు లేదని 2010 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది.

నిబంధనలుంటే పెట్టుబడులు తగ్గుతాయని, 2017లో వాటిని ఎత్తేశాక ప్రళయమేమీ రాలేదని, గూగుల్, ఫేస్‌బుక్‌లను వదిలి తమనే పట్టుకోవడమేమిటని సేవా సంస్థలు అంటున్నాయి. ప్రళయం రాకపోవడానికి కాలిఫోర్నియా చట్టం, నడుస్తున్న కేసులు, రేపు మళ్లీ నిబంధనలు వస్తాయన్న భయం కారణం కాదని అవి చెప్పగలవా? ఇక నచ్చని వెబ్‌సైటును వదిలి మరోదానికి పోవడం క్షణాల్లో పని. ఇంట్లోకి వచ్చే తీగను మార్చుకోవడం అలా కుదరదు. చాలాచోట్ల ఉన్నదే ఒకటో రెండో సంస్థలు. రద్దీ వేళల్లో నెట్‌వర్క్‌ను సర్దుకోవడానికి అన్ని నిబంధనల్లోనూ వెసులుబాటు ఉంది. ఎవరి మాట అన్నది చూసి సర్దడమే కూడదన్నారు.

ఈ ప్రశ్న ఒకసారి తేలినట్లే తేలింది. 2015 నాటి నిబంధనలను 2016 జూన్‌లో సమర్థిస్తూ వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు, ఈ సంస్థల స్వేచ్ఛకు భంగమేమీ లేదన్నది. 2017 మేలో పునర్విచారణను నిరాకరిస్తూ న్యాయమూర్తి శ్రీ శ్రీనివాసన్ మరింత విడమరచి చెప్పారు. మేము ఏరి చూపించే సేవే ఇస్తామని ముందే బాహాటంగా ప్రకటించే సంస్థకు ఈ నిబంధనలు వర్తించవు. మొత్తం ఇంటర్నెట్ ఇస్తామని చెప్పి చందా తీసుకున్నాక మాత్రం ఏరడానికి వీల్లేదు. ఇంతకంటే సబబైన గీత మాకు కనిపించడం లేదు. అదే రోజు దానికి పూర్తి విరుద్ధంగా, నిబంధనలు భావప్రకటనా స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగ తొలి సవరణను ఉల్లంఘిస్తున్నాయని భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి బ్రెట్ కావనా. ఆయన 2018 నుంచి సుప్రీంకోర్టులో ఉన్నారు. మా ఆందోళన ఉత్తిది కాదని చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు.

భారతదేశం ఈ విషయంలో మెరుగ్గా వ్యవహరించింది. 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ఆ సంస్థ డేటా చార్జీల్లో వివక్షను నిషేధించింది. 2018లో సమానత్వ సూత్రాలు టెలికాం లైసెన్సుల్లోకి చేరాయి. ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ మరీ సూటిగా ఉంది. సమాచారాన్ని ఎంపిక చేయని, మార్చని మధ్యవర్తికే రక్షణ. అయినా నిశ్చింతగా ఉండే పరిస్థితి లేదు. భారీ రద్దీ తెచ్చే వెబ్‌సైట్లు తమకు వాటా చెల్లించాలని ఇక్కడి టెలికాం సంస్థలు పట్టుబడుతూనే ఉన్నాయి. చెల్లించినవారికి ఒక దారి, చెల్లించనివారికి మరో దారి అన్న పద్ధతికి ఇది తొలి మెట్టు. 79వ సెక్షన్ నీడలో నిలబడి ఆ మాట అడగడానికి వాటికి నోరెలా వస్తోంది?

ప్రభుత్వాలకూ ఒక మాట. ఎంచి ఆపడానికి అలవాటు పడిన సంస్థ తన లాభం కోసం ఆపినంత తేలికగానే అధికారంలో ఉన్నవారి కోసమూ ఆపుతుంది. ఈ సంస్థల స్వేచ్ఛ గురించి ఈ రోజు ఆవేశపడుతున్న రాజకీయ పక్షాలు, రేపు ప్రతిపక్షంలో కూర్చున్నప్పుడు తమ మాట ఎవరి తీగ మీద వెళ్లాలో ఆలోచించుకోవడం మంచిది.

అందరికంటే పెద్ద దోషి అమెరికన్ కాంగ్రెస్. 2010లో, 2014లో, 2025లో కోర్టులు వేర్వేరు మాటల్లో చెప్పింది ఒక్కటే, చట్టం ఇచ్చిన అధికారాన్ని దాటి కమిషన్ పోజాలదని. ఆ అధికారం ఇవ్వాల్సినవారు ఇరవై ఏళ్లుగా సభలో కూర్చుని విచారణలు జరిపారు, లేఖలు రాశారు, కమిషన్‌లో మెజారిటీ మారినప్పుడల్లా చప్పట్లు కొట్టారు లేదా శాపనార్థాలు పెట్టారు. చట్టం మాత్రం చేయలేదు. రాయాల్సింది రెండు వాక్యాలు. చేరవేసేవాడిగా రక్షణ పొందిన సంస్థ సంపాదకుడిగా హక్కు అడగడానికి వీల్లేదు. సంపాదకుడిగా ఉంటానన్న సంస్థ 230వ సెక్షన్ రక్షణ వదులుకోవాలి, తన తీగ మీద వెళ్లే ప్రతి అబద్ధానికీ, ప్రతి దూషణకూ కోర్టులో నిలబడాలి. ఏది కావాలో ఆ సంస్థలనే ఎంచుకోమనండి. ఏది ఎంచుకుంటాయో కాంగ్రెస్ సభ్యులకు బాగా తెలుసు, తెలిసే ఆ ప్రశ్న వేయడం లేదు.